ఆర్చ్ లైనక్స్‌లో కొత్తవారి చిక్కులు

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లైనక్స్, కచ్చితంగా చెప్పాలంటే, కెర్నెల్ మాత్రమే. అంటే ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును ప్రోగ్రాములకు పంచిపెట్టే కేంద్రభాగం. దానికి వేలాది ప్రోగ్రాములను జతచేసి, వాటిని ఇన్‌స్టాల్ చేసే సాధనాన్ని కూడా సమకూర్చిన కూర్పును డిస్ట్రిబ్యూషన్ లేదా డిస్ట్రో అంటారు. ఉబుంటు వంటి డిస్ట్రోలు వాడేవారి తరఫున అనేక నిర్ణయాలు ముందే తీసుకోగా, 2002లో జడ్ వినెట్ ప్రారంభించిన ఆర్చ్ లైనక్స్ వాటిని కావాలనే వాడేవారికి వదిలేస్తుంది. చివరకు తెలుగు ఫాంటు కావాలో వద్దో తేల్చుకోవడం కూడా వారి పనే కాబట్టి, కొత్తగా ఏర్పాటు చేసుకున్న ఆర్చ్‌లో తెలుగు పేజీ తెరిస్తే, నోటో ఫాంట్ల ప్యాకేజీని విడిగా తెచ్చుకునేదాకా అక్షరాల చోట ఖాళీ డబ్బాలే కనిపించవచ్చు. ఇలాంటి చోట ఒక మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కొత్తవారు గంటల తరబడి తంటాలు పడితే, దాన్ని తెలివితక్కువతనంగా చూడటం అన్యాయం. ఆ తంటాలకు మూలం చాలావరకు వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది.

దాదాపుగా ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నడవదు. సమాచారాన్ని రహస్యంగా పంపడం, బొమ్మలు చూపడం, ఫైళ్లను కుదించడం వంటి పనులను ప్రతి ప్రోగ్రామూ మళ్లీ రాసుకోకుండా, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే షేర్డ్ లైబ్రరీలను వాడుకుంటుంది. ఇలా ఒక ప్రోగ్రాముకు తప్పనిసరైన ఇతర ప్యాకేజీలనే దాని డిపెండెన్సీలు అంటారు. పాత ప్రోగ్రాములతో పొసగని మార్పులు చేసినప్పుడు లైబ్రరీ రూపకర్తలు దాని ఫైలు పేరు చివర ఉండే అంకెను మారుస్తారు. సురక్షిత ఇంటర్నెట్ అనుసంధానానికి ఆధారమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు 2021 సెప్టెంబరులో 3.0 వెర్షన్ వచ్చినప్పుడు, దాని లైబ్రరీ ఫైళ్ల పేర్ల చివర ఉన్న 1.1 పోయి 3 చేరింది. 2022 నవంబరులో ఆర్చ్ ఈ వెర్షన్‌కు మారినప్పుడు, దాని మీద ఆధారపడిన ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చింది. అంటే మనుషులు రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి కొత్తగా మార్చవలసి వచ్చింది.

ఆర్చ్‌కు ఆరు నెలలకో రెండేళ్లకో వెలువడే విడుదలలు లేవు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి. ఈ పద్ధతినే రోలింగ్ విడుదల అంటారు. ప్యాకేజీలను అందించే సర్వర్లలో సాధారణంగా తాజా వెర్షన్ మాత్రమే ఉంటుంది. కొన్ని వారాలుగా అప్‌డేట్ చేయని కంప్యూటర్‌లో ప్యాక్‌మ్యాన్ అనే ఇన్‌స్టాల్ సాధనానికి పెద్ద ఎస్ అక్షరంతో పాటు ప్యాకేజీ పేరు ఇస్తే, అది తన దగ్గరున్న పాత జాబితా ప్రకారం పాత ఫైలును అడుగుతుంది. ఆ ఫైలు సర్వర్లో లేకపోతే 404 అనే ఎర్రర్ వస్తుంది. అప్పుడు చాలామంది ఎస్ పక్కన చిన్న వై చేర్చి జాబితాను మాత్రం తాజా చేసుకుంటారు. ప్రోగ్రాము వెంటనే దిగుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కొత్తగా దిగిన ప్రోగ్రాము కొత్త లైబ్రరీ కోసం వెతుకుతుంటే, కంప్యూటర్‌లో పాతదే ఉండిపోవచ్చు. లేదా దాని వెంట కొత్త లైబ్రరీ కూడా దిగి, అంతవరకు పాతదాన్ని నమ్ముకుని నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా మూలన పడవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మారినప్పుడు ఇలా అరకొరగా అప్‌డేట్ చేసినవారి కంప్యూటర్లలో, ఆ లైబ్రరీ మీదే ఆధారపడిన ప్యాక్‌మ్యాన్ కూడా నడవకుండా పోయింది. దాంతో మరమ్మతు చేయవలసిన సాధనమే చెడిపోయి, యూఎస్‌బీ నుంచి కంప్యూటర్‌ను మొదలుపెట్టి వ్యవస్థను బయటినుంచి సరిచేయవలసి వచ్చింది. అందుకే పాక్షిక అప్‌డేట్‌లకు మద్దతు లేదని ఆర్చ్ వికీ స్పష్టంగా చెబుతుంది. కొత్తవారికి ఒక్క ఆదేశమే నేర్పే వీలుంటే, ఎస్, వై పక్కన చిన్న యు కూడా చేర్చి వ్యవస్థ మొత్తాన్ని ఒకేసారి తాజా చేసే ఆదేశాన్నే నేర్పాలి.

ఇతర డిస్ట్రోల్లో చిక్కు వేరు రూపంలో ఎదురవుతుంది. 1993 నాటి స్లాక్‌వేర్ ఇన్‌స్టాల్ సాధనం డిపెండెన్సీలను తనంతట తాను వెతకదు. జెంటూ చాలా ప్యాకేజీలను వాడేవారి కంప్యూటర్‌లోనే కంపైల్ చేస్తుంది కాబట్టి, పెద్ద బ్రౌజర్‌కు గంటలు పట్టవచ్చు.

అధికారిక భాండాగారంలో లేని సాఫ్ట్‌వేర్ కోసం ఆర్చ్ వాడేవారు ఏయూఆర్‌ను ఆశ్రయిస్తారు. వాడుకరులే రాసి పెట్టిన స్క్రిప్టుల సేకరణ అది. ప్రతి స్క్రిప్టులో సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా కంపైల్ చేయాలో ఉంటుంది. దాన్ని నడిపే మేక్‌ప్యాకేజీ సాధనం, వ్యవస్థ మీద సర్వాధికారాలు గల రూట్ ఖాతాతో నడపబోతే నిరాకరిస్తుంది. కొత్తవారు దీన్ని లోపంగా భావిస్తారు గాని, ఎవరో రాసిన స్క్రిప్టుకు సర్వాధికారాలు ఇవ్వకుండా కాపాడే జాగ్రత్త అది. అయితే ఈ జాగ్రత్త ఒక్కటే చాలదు. 2025 జూలై 16న ఫైర్‌ఫాక్స్, లిబ్రెవూల్ఫ్, జెన్ బ్రౌజర్ల సవరణ కూర్పులుగా కనిపించే ప్యాకేజీలు ఏయూఆర్‌లో చేరాయి. కంప్యూటర్‌ను దూరం నుంచి అదుపులోకి తీసుకునే హానికర ప్రోగ్రామును అవి ఎక్కిస్తున్నాయని తేలడంతో, రెండు రోజుల్లో నిర్వాహకులు వాటిని తొలగించారు. సోర్స్ కోడ్ ఎక్కడిదో తెలిపే వరుసలో, ప్యాచెస్ అనే పేరు పక్కనే, దాడి చేసినవారి గిట్‌హబ్ చిరునామా ఎవరైనా చదవగలిగేటట్టు బాహాటంగానే ఉంది.