ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడిని హాస్టల్‌లో వేస్తున్నారా? స్కూల్ మార్చే ముందు ఇవి చూసుకోండి!

"బుర్ర ఉంది కానీ కుదురు లేదు. హాస్టల్‌లో వేస్తే దారికొస్తాడు." పిల్లాడు తొమ్మిదో తరగతికి రాగానే వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు వైపు చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. కానీ ఆ పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉంటే? తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ అంటే సమస్య తగ్గదు, ఇంకా ముదురుతుంది.

అది మొండితనం కాదు

ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ఆలోచించకుండా తొందరపడటం. ఈ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనీసం 6 నెలలు కనిపిస్తేనే డాక్టర్లు నిర్ధారిస్తారు. అందుకే టీచర్ చెప్పే మాట కూడా కీలకం. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌కు చూపించి, అవసరమైతే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం.

చాలామందికి తెలియని విషయం

దివ్యాంగుల హక్కుల చట్టం-2016లో 21 రకాల వైకల్యాలున్నాయి. అందులో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది పెట్టే 'అభ్యసన వైకల్యం' మాత్రం ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది కూడా ఉంటుంది. కాబట్టి రెండింటికీ పరీక్ష చేయించాలి. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. సీబీఎస్ఈలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తితే పని కాదు. తొమ్మిదిలోనే హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

స్కూల్‌లో అడగాల్సిన ప్రశ్నలు

* ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది పిల్లలు?
* ముందు బెంచీలో కూర్చోబెడతారా? మధ్యలో లేచి తిరగనిస్తారా?
* పెద్ద హోంవర్క్‌ను చిన్న ముక్కలుగా ఇస్తారా?
* తప్పు చేస్తే కొడతారా, మాట్లాడతారా?
* ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న 'భవిత' కేంద్రం రిసోర్స్ టీచర్ సాయం దొరుకుతుందా?

ట్యూషన్ పెట్టినా పదిమందితో రెండు గంటలు వద్దు. ఒకరిద్దరితో అరగంట చొప్పున, మధ్యలో విరామంతో చెప్పేవాళ్లను చూడండి.

పది తర్వాత దారులున్నాయి

రెగ్యులర్ బడి అసలు కుదరకపోతే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ఉంది. 5 ఏళ్లలో 9 సార్ల వరకు పరీక్ష రాసే వీలుంది. ఒక్కో సబ్జెక్టు పూర్తి చేసుకుంటూ పోవచ్చు. చేతులతో పని చేస్తూ నేర్చుకునే పిల్లలకు పాలిటెక్నిక్ బాగా కలిసొస్తుంది. సంస్థానం ప్యాలెస్‌లో మొదలైన కేడీఆర్ పాలిటెక్నిక్ వనపర్తిలోనే ఉంది, పాలీసెట్ ర్యాంకును బట్టి సీటు వస్తుంది.

పెద్ద పేరున్న స్కూల్ కంటే, పిల్లాడిని అర్థం చేసుకునే ఒక్క టీచర్ ఉన్న స్కూలే మేలు. ఆ టీచర్ ఇంటికి దగ్గర్లోని సర్కారు బడిలోనే ఉండొచ్చు!

(గమనిక: ఇది అవగాహన కోసమే. మందులు, చికిత్స విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.)