పదిమంది మేలు కోసం ఒక్కరు: ఆ ఒక్కరిని ఎవరు అడగాలి?



"పదిమంది బాగు కోసం ఒకరు సర్దుకోవాల" అనే మాట మనందరం విన్నదే. గండికోట జలాశయంలో నీళ్లు నిలిపే సంగతి వచ్చినా, కలమల్ల దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం సంగతి వచ్చినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. మా క్యాజువాలిటీ వాకిట్లో అదే మాట ప్రశ్నగా మారుతుంది: "సిస్టరమ్మా, మేం ముందొచ్చినాము గదా, మా అబ్బను చూడకుండా ఆయప్పను లోపలికి తీసకపోయినారేంది?"

ఈ ప్రశ్నకు మేము చెప్పే జవాబు వెనుక ఒక నీతి సిద్ధాంతం ఉంది. దానిని ఉపయోగితావాదం అంటారు. పేరు కొత్తగా ఉన్నా విషయం పాతదే. ఆసుపత్రికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఇది తగిలే విషయం గనుక ఈ సంచికలో దానిని వివరించాలని తలచాము.

సిద్ధాంతం ఏమంటుంది?

ఇంగ్లండు దేశస్థుడైన జెరెమీ బెంథామ్ (1748-1832) ఈ సిద్ధాంతాన్ని 1789లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. తరువాత జాన్ స్టూవర్ట్ మిల్ (1806-1873) దానిని సరిదిద్ది విస్తరించాడు. మిల్ 35 సంవత్సరాలు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. మన కడప ప్రాంతం 1800లో నిజాము చేతినుండి ఆ కంపెనీ చేతికి వచ్చింది. అంటే ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో మన పూర్వీకులు ఆ కంపెనీ పాలనలోనే బ్రతికారు.

సిద్ధాంతాన్ని మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దాని ఫలితాన్ని బట్టి చూడాలి. రెండు, ఫలితం అంటే మనుషులకు కలిగే సుఖము, తగ్గే బాధ. మూడు, లెక్కలో దొరకు ఎంత విలువో కూలివానికీ అంతే విలువ. అందరి సుఖదుఃఖాలు కూడి, ఎక్కువ మేలు చేసే పనినే ఎన్నుకోవాలి.

మూడవ మాటను చిన్నచూపు చూడరాదు. కులమును, ధనమును బట్టి మనిషిని తూచే లోకంలో "ప్రతివాడూ ఒక్కడే, ఎవడూ ఒకటికి మించి కాడు" అనడం గొప్ప సంగతి.

ఆసుపత్రిలో ఈ లెక్క ఎక్కడ పనికివస్తుంది?

మేము దీనిని రోజూ వాడుతున్నాము. బస్సు ప్రమాదం జరిగి ఒకేసారి ఇరవై మంది వస్తే, గాయపడినవారిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుర్తులుగా విడదీస్తాము. వెంటనే చూస్తే బ్రతికేవారికి ఎరుపు. కొంతసేపు ఆగగలిగినవారికి పసుపు. చిన్న గాయాలవారికి ఆకుపచ్చ. ప్రాణం పోయినవారికి, ఇక నిలుపలేనివారికి నలుపు. మామూలు రోజుల్లో కూడా పాము కరిచినవారు, గుండెనొప్పితో వచ్చినవారు, పురుగుమందు తాగినవారు, కాన్పులో రక్తస్రావం అవుతున్న తల్లులు జ్వరంతో వచ్చినవారికంటే ముందు లోపలికి పోతారు. ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతి పెడితే ప్రాణాలు పోతాయి.

పోలియో చుక్కలు కూడా ఇటువంటివే. ఇంటింటికీ తిరిగి రెండేసి చుక్కలు వేసినందువలననే 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న భారతదేశం పోలియో లేని దేశంగా ధృవపత్రం పొందింది. ఒక్కొక్క బిడ్డ వేసుకున్న చుక్క ఊరందరి బిడ్డలనూ కాచింది.

ఇంత మంచి సిద్ధాంతానికి అభ్యంతరాలు ఏమిటి?

మొదటి అభ్యంతరం: బాధను ఎట్లా కొలవాలి?

వార్డులో మేము "నొప్పి సున్నా నుండి పది వరకు ఎంత ఉంది?" అని అడుగుతాము. కాలు విరిగిన రైతు "నాలుగు ఉంటాదిలే" అంటాడు. సూదిని చూసిన పిల్లవాడు పది అంటాడు. ఒక మనిషి నొప్పి నిన్నటికంటే తగ్గిందా, పెరిగిందా అని తెలుసుకోవడానికి ఈ అంకె పనికివస్తుంది. ఇద్దరి నొప్పులను పక్కపక్కన పెట్టి కూడడానికి పనికిరాదు. మిల్ కూడా సుఖాలన్నీ ఒకే రకం కావని ఒప్పుకున్నాడు.

రెండవ అభ్యంతరం: లెక్క వేసేది ఎవరు?

1876-78 కరువులో కడప, బళ్లారి, కర్నూలు ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1877లో భారత ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలిని తగ్గించాడు. పనిచేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. జొన్నల లెక్కన అది దాదాపు 1,500 కేలరీలు. రాళ్లు కొట్టి మట్టి మోసే మనిషికి దాదాపు అంతకు రెండింతలు కావాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి నిలువలేడని గట్టిగా ఎదిరించాడు. చివరకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది.

ఖజానా సొమ్ము పొదుపు చేస్తే అందరికీ మేలు అన్నది టెంపుల్ వైపు లెక్క. కానీ ఆకలిగొన్నవాడు ఆ లెక్క వేసిన బల్ల దగ్గర లేడు. "అది తప్పు లెక్కే గాని సిద్ధాంతం తప్పు కాదు" అని ఉపయోగితావాదులు జవాబిస్తారు. ఆ జవాబులో న్యాయం ఉంది. అయినా అధికారం గలవాడు లెక్క వేసినప్పుడు బలహీనుని బాధ చిన్న అంకెగా కనబడుతుందన్న సంగతిని మరువరాదు.

మూడవ అభ్యంతరం: బరువు ఎప్పుడూ కొందరి మీదనేనా?

కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో మొదలైంది. అక్కడి కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. బొగ్గు కాలిన బూడిద సంగతి మాత్రం ఆ చుట్టుపట్ల ఊళ్లవారికే తెలుసు. గండికోట జలాశయం సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు. ఆ నీళ్లు పొలాలకు, దాహానికి అవసరమే. కానీ 2020లో నీటి నిల్వ పెంచినప్పుడు ఇండ్లు వదిలి కదలవలసి వచ్చింది తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లవారు. మొత్తం కూడితే లాభమే కావచ్చు. అయితే ఆ మొత్తంలో ఎవరికి ఎంత పోయిందో కనబడదు. పుట్టిన ఊరు పోగొట్టుకున్న అవ్వకు, దూరాన ఎవరి చేనో తడిసిందన్న మాట పరిహారం కాదు. మేలు పొందినవారు నష్టపోయినవారికి బాకీ ఉంటారు. ఆ బాకీ తీర్చకముందే లెక్క మూసివేయడం అన్యాయం.

నాలుగవ అభ్యంతరం: లెక్క సరిపోయినా పని తప్పు కావచ్చు

ఇది అన్నిటికంటే లోతైనది. ఐదుగురు రోగులున్నారనుకోండి. ఒకరికి గుండె, ఒకరికి కాలేయం, మరొకరికి ఊపిరితిత్తులు, ఇద్దరికి కిడ్నీలు కావాలి. అదే సమయానికి ఆరోగ్యవంతుడైన ఒక మనిషి చూపు కోసం వచ్చిన బంధువుగా వార్డులో కూర్చున్నాడు. అతని అవయవాలు తీస్తే ఐదు ప్రాణాలు నిలుస్తాయి. ఐదు ఒకటికంటే ఎక్కువే. అయినా ఆ పని హత్య అని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మన దేశపు 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కూడా సమ్మతి లేకుండా అవయవం తీయడాన్ని నేరంగా చూస్తుంది.

ఇది ఊహ మాత్రమేనని త్రోసివేయకండి. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం మొదలైన మూడు మండలాలలో, 10 నుండి 14 సంవత్సరాల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పరిశీలన అది. చాలామంది బాలికలు గిరిజన, పేద కుటుంబాలవారు, హాస్టళ్లలో చదువుకునేవారు. ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. హెచ్‌పీవీ టీకా మంచిది. 9 నుండి 14 ఏండ్ల బాలికలకు దానిని వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. మేమూ అదే చెబుతాము. తప్పు మందులో లేదు, అడగకపోవడంలో ఉంది. ఎన్ని వేలమందికి మేలు జరిగినా, ఆ బిడ్డల తల్లిదండ్రులకు ఉన్న "ఔను", "కాదు" చెప్పే హక్కును మరొకరు వాడుకోరాదు.

దీనికి ఉపయోగితావాదుల జవాబు ఇది: "ఆసుపత్రులు మోసం చేస్తే జనం ఆసుపత్రికే రారు, అప్పుడు అందరికీ నష్టం. కాబట్టి అడిగి చేయాలన్న నియమమే ఎక్కువ మేలు." ఈ జవాబు నిజమే. నమ్మకం పోయిన ఊరిలో చుక్కలు వేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ ఒక్క సంగతి మిగిలిపోతుంది. ఆ మోసం ఎవరికీ తెలియకుండా ఉండిపోయినా, ఆ బిడ్డకు అన్యాయం జరిగినట్టే గదా!

వాక్యము వెలుగులో

యోహాను సువార్త 11వ అధ్యాయంలో ప్రధానయాజకుడైన కయప సభవారికి ఇచ్చిన సలహాను మీరు ఎరుగుదురు. జనమంతా నశించడం కంటే ఒక్కడు పోవడం లాభమని అతని లెక్క. అంకెలు చూస్తే ఎవరూ తప్పు పట్టలేరు. అయినా సంఘం ఏనాడూ కయపను జ్ఞానిగా ఎంచలేదు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని కాపరి తొంభైతొమ్మిదింటిని విడిచి, తప్పిపోయిన ఒక్కదానిని వెదకడానికి పోయాడు.

మరి ప్రభువు కూడా అనేకుల కొరకు ఒక్కడుగా ప్రాణం పెట్టాడు గదా అని అడగవచ్చు. తేడా అక్కడే ఉంది. ఆయన తనంతట తాను అర్పించుకున్నాడు. కయప మరొకరి ప్రాణాన్ని తీసి లెక్కలో వేశాడు. తాను ఇచ్చుకుంటే త్యాగం, అడగకుండా ఇతరులు తీసుకుంటే దోపిడీ. పదిమంది మేలు కోసం ఒక్కరు ఇవ్వవచ్చు. ఆ ఒక్కరిని అడగకుండా తీసుకునే హక్కు పదిమందికీ లేదు. పడకలు, మందులు, మా సమయం పంచేటప్పుడు లెక్క చూస్తాము. మనిషి శరీరం దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగి, సమ్మతి మొదలు కావాలి.

మీరు చేయవలసినది

1. మిమ్మల్ని ఆగమన్నప్పుడు కారణం అడగండి. చెప్పడం మా బాధ్యత. ఆగి ఉండగా ఆయాసం, స్పృహ తప్పడం, రక్తం పోవడం వంటివి కనబడితే వెంటనే సిస్టర్‌ను పిలవండి. అప్పుడు మీ వరుస మారుతుంది.

2. సంతకమో వేలిముద్రో వేయకముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏమి చేస్తారు? ఎందుకు? దానివలన ప్రమాదం ఏమిటి? ఒప్పుకోకపోతే వేరే దారి ఏమిటి? చదువు రాకపోతే చదివి వినిపించమనండి.

3. ఎవరైనా పరిశోధన కోసమని అడిగితే కాదనే హక్కు మీకుంది. కాదన్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు.

4. ఇంట్లో వృద్ధులను "వయసైపోయింది గదా" అని లెక్కలోనుండి తీసివేయకండి. వారి చికిత్స సంగతి వారినే అడగండి.

5. ఇవ్వగలిగినవారు ఇష్టపూర్వకంగా ఇవ్వండి. 18 నుండి 65 ఏండ్ల లోపు, కనీసం 45 కిలోల బరువుండి ఆరోగ్యంగా ఉన్నవారు రక్తదానం చేయవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు.

లెక్కలు తెలిసిన మనసును, ఒక్కరిని కూడా మరువని హృదయమును దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక.