కొళాయి నీటిలో ఫ్లోరైడు – ఇంట్లో చేయదగిన శుద్ధి

“నీళ్ళు కాచి, వడగట్టి ఇస్తున్నామండీ, అయినా పిల్లవాడి పళ్ళమీద ఈ పసుపు చారలెందుకు?” అని తల్లులు నన్ను తరచుగా అడుగుతుంటారు. కాచిన నీటిలో సూక్ష్మక్రిములు నశిస్తాయి, ఫ్లోరైడు నశించదు. పైపెచ్చు, లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల 3 లీటర్ల నీటిని 2 లీటర్లకు మరిగిస్తే, అది లీటరుకు 3 మిల్లీగ్రాములవుతుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. పిల్లలకు పాలపళ్ళు పోయి వచ్చే దంతాలు చిగుళ్ళలో రూపొందే కాలంలో ఇది అధికమైతే, ఆ మచ్చలు మందులతో మాయవు. ఏళ్ళ తరబడి మిక్కిలి ఎక్కువగా త్రాగితే వెన్నెముక, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్లు వైద్యులు 1937లోనే ప్రకటించారు.

ఏవి పనికిరావు?

మన పూర్వులు బిందెలో చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చేవారు. అది మడ్డిని పేరుస్తుంది. ఫ్లోరైడు ఉప్పువలె నీటిలో కరిగి ఉంటుంది గనుక ఆ విధంగా దిగదు. పటిక ముక్కను రెండుసార్లు త్రిప్పి తీయడం, కొవ్వొత్తి ఫిల్టరు, మట్టికుండ కూడా ఇందుకు చాలవు.

ఏవి పనిచేస్తాయి?

1. నల్లగొండ పద్ధతి: నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించినది. అడుగునుండి కొంచెం ఎత్తున కొళాయి అమర్చిన ప్లాస్టిక్ బక్కెట్టులో నీరు నింపి, సున్నం, పటిక ద్రావణం, కాస్త బ్లీచింగు పౌడరు కలిపి, పది నిమిషాలు మెల్లగా త్రిప్పాలి. గంటసేపు కదపక ఉంచితే తెల్లని మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరుతుంది. పైతేటను మాత్రమే వాడాలి. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు చాలు. పటిక మోతాదు మాత్రం నీటిలోని ఫ్లోరైడు, క్షారగుణాలనుబట్టి మారుతుంది. ఊహతో వేస్తే ఫ్లోరైడు మిగలవచ్చు, అల్యూమినియం చేరవచ్చు. అందుచేత పరీక్షాఫలితం చూపి మోతాదు వ్రాయించుకోండి.

2. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు: బాగా గ్రహిస్తుంది, కాని కొంతకాలానికి శక్తి ఉడుగుతుంది. అప్పుడు దానిని పునరుద్ధరింపజేయాలి.

3. రివర్స్ ఆస్మోసిస్ యంత్రం: ఫ్లోరైడులో అధికభాగాన్ని తొలగిస్తుంది. అది వదిలే వ్యర్థజలంలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉంటుంది గనుక వంటకు వాడరాదు.

4. వాన నీరు: ఆయుర్వేదం శ్రేష్ఠమన్న ఆంతరిక్ష జలంలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. శుభ్రమైన డాబాపై మొదటి జల్లు వదలి, తరువాతి నీటిని మూసిన తొట్టిలో పట్టి, కాచి త్రాగవచ్చు.

ఆహారం మాటేమిటి?

చింతపండు తిన్నవారి మూత్రంలో ఫ్లోరైడు అధికంగా వెలువడినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. మన చారూ పులుసూ ఆ మేరకు మేలే. పాలు, రాగులు, మునగాకు, ఉసిరి కూడా తీసుకోవాలి. అయితే ఇవన్నీ సహాయకాలు మాత్రమే. నీరు మార్చనిదే ఫలితం ఉండదు.

స్నానానికి, బట్టలకు ఈ శుద్ధి అక్కరలేదు. త్రాగడానికి, వంటకు చాలు. ముందుగా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. రుచి, రంగు, వాసన చూచి ఫ్లోరైడును ఎవరూ గుర్తించలేరు.