ఫోను మారితే మీ నోట్సు ఏడికి పోతది?

కొత్త ఫోను చేతికి రాంగనే మనోళ్లు ఫొటోలు, నంబర్లు, వాట్సాప్ వచ్చినయా లేదా చూసుకుంటరు. నోట్సు సంగతి ఎవ్వలకు యాదికి రాదు. గానీ అండ్ల ఉన్నది చిన్న ముచ్చట కాదు. కూలికి పోయిన దినాలు, కాంటల తూగిన వడ్ల లెక్క, ఎరువుల దుకాణంల బాకీ, గ్రూప్స్ కోసం రెండేండ్ల సంది రాసుకున్న పాయింట్లు. కూలి తక్కువ పడ్డదని రేపు అడగాలంటే చేతిల ఉండే ఆధారం గదే.

ముందు అది ఏడ ఉంటదో తెల్వాలె. ఫోనుతోనే వచ్చిన నోట్స్ యాప్ చాలాసార్లు ఆ ఫోన్లనే దాస్తది. కంపెనీ అకౌంటుకు సింక్ పెట్టుకున్నా, కంపెనీ మారితే తిప్పలే. శాంసంగ్ నోట్స్ వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్ల నడువది. అందుకే పాత ఫోను ఎక్స్ఛేంజికి ఇయ్యకముందే నోట్సును పీడీఎఫో, టెక్స్టో చేసి బయటికి తియ్యాలె. రీసెట్ కొట్టినంక మొత్తుకున్నా రాదు.

ఇగ కొత్త యాప్. గూగుల్ కీప్ అల్కగ ఉంటది. జీమెయిల్ ఉంటే ఏ ఫోన్ల తెరిచినా కనవడ్తది, నెట్ లేకున్నా రాసుకోవచ్చు. అయితే నెట్ లేనప్పుడు రాసింది, నెట్ వచ్చినంకనే అకౌంటుకు చేరుతది. తెలుగు టైపు కష్టమైతే జీబోర్డు మైకు నొక్కి మాట్లాడుండ్రి. మన యాసకు అప్పుడప్పుడు తికమక పడ్తది, దిద్దుకోవాలె. అసలు గండం పాస్‌వర్డు. సెల్లు దుకాణపాయన చేసిచ్చిన జీమెయిల్‌తోని ఏండ్లు నెట్టుకొచ్చేటోళ్లు మస్తుమంది. రికవరీ నంబరు మీదే ఉన్నదా, ఇయ్యాల్నే సూడుండ్రి. ఏటీఎం పిన్ను, పాస్‌వర్డ్లు మాత్రం కీప్‌ల రాయొద్దు.

ఫ్రీ అన్నది కంపెనీ మనసు మారేదాంకనే. ఎవర్‌నోట్ 2023 డిసెంబర్ల ఫ్రీ ఖాతాకు 50 నోట్లే అని హద్దు పెట్టింది. అందుకే నాకైతే జోప్లిన్ నచ్చుతది. పైసలు లేవు, ఖాతా అక్కర్లేదు, దాని కోడ్ ఎవ్వలైనా చూడొచ్చు, రాసిందంతా ఒక్క ఫైలుగ బయటికి తియ్యొచ్చు. కాకుంటే బ్యాకప్ బాధ్యత మనదే. బద్ధకస్తులకు కీపే మేలు.

వాట్సాప్‌ల మనకు మనమే పంపుకునుడు సామాన్ల చిట్టీకి సరే, ఏడాది లెక్క అండ్ల ఎతకలేం.

వారం దినాలు పాత ఫోను ఇంట్లనే ఉంచుండ్రి. రెండిట్ల నోట్సు పక్కపక్కన పెట్టి చూసుకుని, అప్పుడు రీసెట్ కొట్టుండ్రి.