మీకు తెలుసా? ఎండిన నేలలో చెక్కపడవ

వేరుశనక్కాయను మా అనంతపురం వైపు బుడ్డ అంటాం. ఒలిచేటప్పుడు సరిగ్గా నడిమికి చీలిన పొట్టును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి, కడుపు గుండ్రంగా ఉంటుంది, వెలుపల పొడుగునా సన్నటి గట్లు. అచ్చం పడవే. అంత పలుచని పొట్టు వేలి ఒత్తిడికి వెంటనే నలగదంటే కారణం ఆ వంపు, ఆ గట్లు. చెక్కతో మొదటిసారి బొమ్మ పడవ చేయాలనుకునేవారికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. మన కళ్లాల్లో అది గుట్టలుగా పడి ఉంటుంది.

* * *

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే ఈ సీమలో పడవల ముచ్చటేమిటని అడగవచ్చు. కానీ అనంతపురం పుట్టిందే నీళ్ల ఒడ్డున. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు మీద పెద్ద చెరువు కట్టించాడనీ, దాని రెండు తూముల దగ్గర రెండు ఊళ్లు వెలిశాయనీ జిల్లా చరిత్ర చెబుతుంది. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. ఒకటి సముద్రం, ఇంకొకటి సాగరం! చెరువు నిండిన రోజున కట్ట మీద నిలబడి చూసినవారికి ఆ పేర్లు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

* * *

ప్రపంచంలోని అతి పాత చెక్క బొమ్మ పడవల్లో పేరున్నవి దొరికింది ఏ రేవులోనో కాదు, ఎడారిలో. ఈజిప్టులో మెకెత్రె అనే పెద్ద అధికారి సమాధిలో, దాదాపు 4,000 ఏళ్ల కిందట, పశువుల కొట్టం, రొట్టెలు చేసే ఇల్లు, ధాన్యపు కొట్టు బొమ్మల పక్కనే పడవలనూ పెట్టారు. తెడ్లు పట్టిన చిన్నచిన్న మనుషులతో సహా 1920లో అవి బయటపడ్డాయి. ఇప్పుడు కొన్ని కైరోలో, కొన్ని న్యూయార్కులో ఉన్నాయి. అన్నేళ్లు చెక్క పుచ్చిపోకుండా, రంగు వెలిసిపోకుండా కాపాడింది అక్కడి పొడిగాలే.

చెక్కకు నీళ్లకన్నా పెద్ద చిక్కు, తడి మాటిమాటికీ మారడం. చెక్క తడి పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు అడ్డంగానే కుంచించుకుపోతుంది. పొడుగులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. నిజమైన చెక్కపడవను ఎండలో వదిలేస్తే పలకల మధ్య సందులు పడేదీ, తిరిగి నీళ్లలో దింపితే ఆ సందులు వాటంతట అవే మూసుకునేదీ ఇందువల్లనే. మన మే నెల ఎండలో ఎండిన పలకలతో చేసిన బొమ్మ పడవను వానాకాలంలో కాకినాడ చుట్టాలింటికి తీసుకువెళ్తే పలకలు ఉబ్బి పక్కలు పొంగవచ్చు. కాబట్టి వార్నిషు బయట ఎంత శ్రద్ధగా వేస్తామో, లోపలా అంతే శ్రద్ధగా వేయాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది ఆ లోపలి పూతనే.

* * *

మొదటి పడవకు ఏ చెక్క? హాబీ దుకాణాలు బాల్సా చూపిస్తాయి. దక్షిణ అమెరికా చెట్టు అది, నీళ్ల బరువులో దాదాపు ఆరో వంతే తూగుతుంది. 1947లో థోర్ హెయర్‌డాల్ పసిఫిక్ దాటిన కాన్-టికి తెప్ప ఆ దుంగలతో కట్టిందే. మంచి చెక్కే, కాదనను. అయితే మన తెల్లపొణికి ఉండగా అంత దూరం ఎందుకు వెళ్లాలి? కొండపల్లి బొమ్మలన్నీ ఆ చెక్కవే. పొడి అడవుల్లో పెరిగే చెట్టు, తేలిక, మెత్తన, ఉలి పెట్టిన చోట సాఫీగా తెగుతుంది. ఏటికొప్పాకవారు లత్తుక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తరిమెన మీద తిప్పడానికి బాగుంటుంది గానీ, చేత్తో చెక్కే కొత్తవారి వేళ్లకు పొణికే హాయి.

కొండపల్లి పనివారి దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది: మక్కు. చింతగింజల పిండి ఉడికించిన జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద అది. అతుకులూ సందులూ దానితో పూడ్చి, ఆరాక నునుపు చేసి, రంగు వేస్తారు. చింతపండుకు హిందూపురం మార్కెట్టు ఎంత పేరుపడిందో మనకు తెలుసు, గింజలకు మనకేం కరువు? ఒక్క జాగ్రత్త: మక్కు నీళ్లకు మెత్తబడుతుంది. అల్మారాలో పెట్టే పడవకు అది చాలు. నీళ్లలో వదిలేదానికి నూనెరంగు కవచం ఉండాలి. మామూలు తెల్ల జిగురూ అంతే, తడికి పట్టు వదిలేస్తుంది. నీటికి తట్టుకునే రకం అడిగి కొనండి.

* * *

పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యపు కొలత. తుంగభద్ర ఒడ్డున పుట్టి అంటే గుండ్రటి పడవ కూడా. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ ఆ పడవల గురించి రాశాడు: లోపల బద్దల అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అయిదు వందల ఏళ్లయినా దాని ఆకారం మారలేదు, తోలు స్థానంలో తారు పూసిన పట్టా వచ్చింది, అంతే. తిరగడానికి కారణం, దానికి అడుగు దూలం లేకపోవడం. అందుకే పుట్టివాడు పక్కన తెడ్డు వేయడు, ముందువైపు నీటిని తన వైపుకు లాక్కుంటాడు.

పిల్లలతో కలిసి చేసేవారికి నా సలహా పుట్టితో మొదలుపెట్టమనే. వెదురుబద్దలు నానబెట్టి, జానెడు బుట్టలా అల్లి, బయట గుడ్డ చుట్టి రంగు పూస్తే తేలుతుంది. వెదురు వంగడం, విరగడం ఎక్కడెక్కడో చేతికి తెలిశాక చెక్క పలకలు వంచడం సులువవుతుంది.

* * *

కోరమాండల్ తీరంలో అలలను దాటి సరుకు దింపిన మసూలా పడవకు ఒక్క మేకు కూడా లేదు. పలకల అంచుల వెంట బెజ్జాలు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకులతో బిగించిన పడవ అల కొట్టిన దెబ్బకు పగిలేచోట, కుట్టిన పడవ కొంచెం ఒంగి ఊరుకునేది. 1963లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ వచ్చింది. ప్లైవుడ్ పలకలను రాగితీగతో కుట్టి, అతుకుల మీద గాజునార పట్టీ అంటించే పద్ధతి. ఇంట్లో ఎవరైనా కట్టుకోవచ్చని వేల మంది కట్టుకున్నారు. మన బెస్తలు ఎన్నో తరాల ముందే నమ్మిన కుట్టు అది.

మసూలా బొమ్మ చేయాలంటే లెక్క తేలిక. ఓడ నమూనాలకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలతల్లో 1:48 ఒకటి, అంటే అడుగుకు పావు అంగుళం. మన వడ్రంగులు ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు కనుక టేపు పట్టుకున్న ఎవరికైనా అందుతుంది. ముప్పై అడుగుల పడవ ఏడున్నర అంగుళాలవుతుంది, తెడ్డు వేసే మనిషి అంగుళంన్నరకన్నా పొట్టి. కుట్టడానికి దారం కావాలంటే ధర్మవరం మన పక్కనే ఉంది. పట్టుదారాన్ని రెండు మూడు పోగులు పేని, తేనెమైనం మీదుగా ఒకసారి లాగితే నూగు అణిగి నిజమైన తాడులా కనిపిస్తుంది.

* * *

కొత్తవారి పడవలు మొదటి రోజే పక్కకు ఒరుగుతాయి. చేతి లోపం అనుకుని కుంగిపోకండి, అది లెక్కలో ఉన్న చిక్కు. పడవను పదో వంతుకు తగ్గిస్తే తెరచాప వైశాల్యం నూరో వంతు అవుతుంది, బరువు మాత్రం వెయ్యో వంతుకు పడిపోతుంది. గాలి అదే గాలి. అందుకే పెద్ద పడవను ఉన్నదున్నట్టు చిన్నది చేస్తే నిలవదు. అడుగున వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు అంటించాలి.

ఇది పిల్లల ఆట లెక్క అనుకోకండి. విశాఖపట్నంలో నావికాదళం కోసం పరిశోధించే ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవైన నీటి కాలువ ఉంది. ఓడ కట్టకముందే దాని నమూనాను అందులో లాగి చూస్తారు. ఓడలో 25వ వంతున్న నమూనాను అసలు ఓడ వేగంలో అయిదో వంతుతో లాగితే, అలలు అసలు ఓడ లేపినట్టే లేస్తాయి. ఆ సూత్రాన్ని పందొమ్మిదో శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మైనపు నమూనాలతో నిరూపించాడు.

మనకు 500 మీటర్లు అక్కర్లేదు, పశువుల నీళ్లతొట్టి చాలు. రంగు వేయకముందే, ఒక్క పూత వార్నిషు ఆరగానే పడవను అందులో వదలండి. గుండ్లను వేలితో ముందుకూ వెనక్కూ జరుపుతూ ముక్కు, తోక సమంగా నిలిచేదాకా చూడండి. సమంగా నిలిచాక నీళ్లు ఎంతవరకు తడిపాయో అక్కడ పెన్సిలుతో చుట్టూ గీత గీసి, అప్పుడు గుండ్లు అంటించండి. ఎర్రరంగు ఆ గీత కింద.