ఋణవిముక్తికై మానవశృంఖల

1998 మే 16వ తేదీన, అష్టరాజ్యాధినేతల (జి-8) సమావేశమునకు వేదికయైన ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హాము నగరమున, బీదదేశముల తీరని అప్పులను రద్దుచేయుడని కోరుచు, 'జూబిలీ 2000' అను ఋణవిముక్తి ఉద్యమపు పిలుపుపై వచ్చిన దాదాపు 70,000 మంది సామాన్యులు చేయిచేయి పట్టుకొని మానవశృంఖలగా నిలిచిరి.

అప్పుల వాయిదాలకు పోవు సొమ్ముతో ఆ దేశములందు బడులు, ఆసుపత్రులు నడపవచ్చునని చర్చిలలో, కార్మికసంఘములలో బోధపరచి, తమ పార్లమెంటు సభ్యులకు ఉత్తరములు వ్రాయించినవారి కృషిఫలమది. నాయకులు ఆనాడు ఊరివెలుపలి విడిదికి తరలియుండిరి (ఇట్టి విహారములు వారికి సరిగా వేళకే తటస్థించును!), అయినను అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లేర్ తిరిగివచ్చి ఉద్యమకారులతో మాటాడక తప్పలేదు.

మరుసటియేడు జర్మనీలోని కొలోన్‌లో జరిగిన అష్టరాజ్యాధినేతల సభలో ఋణోపశమనము విస్తృతమైనది. అప్పులన్నియు రద్దుకాలేదు, కాని ఉగాండా ప్రభుత్వము అట్లు మిగిలిన ధనమును ప్రాథమికవిద్యకు, వైద్యమునకు, త్రాగునీటికి వెచ్చించినది.