పాత రైఫిల్ చేతికొచ్చిందా? ‘.22’ అని రాసి ఉంటే సరిపోదు

నాకు అమెరికా పౌరసత్వం వచ్చాక, ఊరు మారిపోతున్న మా పొరుగింటి పెద్దాయన తన తాతగారి రైఫిల్ నాకిచ్చారు. అది వించెస్టర్ మోడల్ 1890. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో గురి చూసి బొమ్మలు పడగొట్టే ఆటకు ఒకప్పుడు ఇక్కడ బాగా వాడిన రకం. 1932 వరకూ ఎనిమిది లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి ఎస్టేట్ సేల్స్‌లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి. దాన్ని చూసిన మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: “అన్నయ్యా, .22 తూటాలు ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయిగా, వేసి కాల్చేయొచ్చా?”

కాల్చకూడదు. ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

.22 అనేది ఒక కుటుంబానికి ఇంటిపేరు లాంటిది. 1857లో వచ్చిన .22 షార్ట్, 1871 నాటి .22 లాంగ్, 1887 నాటి .22 లాంగ్ రైఫిల్, 1890లో వచ్చిన .22 డబ్ల్యూఆర్‌ఎఫ్, 1959లో వచ్చిన .22 మాగ్నమ్ అన్నీ ఆ పేరుతోనే చలామణీ అవుతాయి. ఇవాళ షాపులో “.22” అని అడిగితే చేతిలో పెట్టేది దాదాపుగా లాంగ్ రైఫిల్ తూటానే. కానీ మోడల్ 1890లో ఒక్కో రైఫిల్‌ను ఒక్కో రకం తూటాకే చేశారు. లాంగ్ రైఫిల్ రకం 1919లో గానీ రాలేదు.

ఏ రకమో బ్యారెల్ మీద చెక్కి ఉంటుంది. ముందు అది చదవాలి. డబ్ల్యూఆర్‌ఎఫ్ రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ తూటా వేస్తే లోపలికి పోతుంది, అందుకే జనం మోసపోతారు. ఆ ఛాంబర్ దానికి వదులు. పేలగానే పల్చటి ఇత్తడి తొడుగు ఉబ్బి చీలిపోతే, వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవారి ముఖం వైపు, తన్నుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ రైఫిల్‌లో మాగ్నమ్ తూటా అసలే వేయకూడదు. డబ్ల్యూఆర్‌ఎఫ్ తూటాలను కంపెనీలు అప్పుడప్పుడే తయారుచేస్తాయి కాబట్టి దొరికేదాకా ఆగాల్సిందే.

చెక్కిన అక్షరాలనే నమ్మి ఊరుకోకూడదు. నూరేళ్లలో ఎవరో ఛాంబర్ మార్పించి ఉండొచ్చు, బ్యారెల్ లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. అనుభవమున్న గన్‌స్మిత్‌తో ఛాంబర్ కొలతలు తీయించి, తాళం బిగువు చూపించాకే తూటాలు కొనాలి.

ఇక వేగం. ఎక్కువ వేగంతో పోయే తూటాలు 1930 ప్రాంతంలో వచ్చాయి. అంతకుముందు చేసిన రైఫిళ్లు ఆ దెబ్బకు తయారైనవి కావు. అందుకే లాంగ్ రైఫిల్ రకమైనా సరే, పెట్టె మీద ‘స్టాండర్డ్ వెలాసిటీ’ అని ఉన్నదే తీసుకోవాలి. దాని వేగం సెకనుకు సుమారు 1,070 అడుగులు. ‘హై వెలాసిటీ’ 1,200 దాటుతుంది, ‘హైపర్’ రకాలు 1,600 కూడా దాటుతాయి. ఆ రెండూ పాతవాటికి వద్దు. రైఫిల్‌తో పాటు పాత తూటాల పెట్టె దొరికితే కాల్చకుండా దాచుకోండి. అప్పటి ప్రైమర్లు బ్యారెల్‌కు తుప్పు పట్టిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మన కుటుంబాలకు సంబంధించిన చట్టం. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. “ఇది యాంటిక్ కదా” అన్న మాట ఇక్కడ అక్కరకు రాదు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవే చట్టం దృష్టిలో యాంటిక్. పైగా రైఫిల్‌కు ఆ మినహాయింపు దొరికినా, తూటాల మీద నిషేధం అలాగే ఉంటుంది. ఇది జైలుతో పోయేది కాదు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లొచ్చు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవారికి ఈ నిషేధం లేదు గానీ, రాష్ట్రానికో నిబంధన ఉంటుంది. లాయర్‌ను అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక జాగ్రత్త. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడొద్దు. .22 షార్ట్ తూటా చాలా చిన్నగా ఉంటుంది, లైనింగ్‌లో ఇరుక్కుంటే మనకు కనబడదు, ఎక్స్‌రేకు కనబడుతుంది. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దగ్గరున్నా మన ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. మా ఇంట్లో రైఫిల్‌కొక తాళం, తూటాలకొక తాళం. రేంజ్ బ్యాగు గ్యారేజ్ దాటదు.